కొంబు: జపాను వంటకు ప్రాణము, మన ఇంట మందు కారాదు

మూడేండ్ల క్రిందట ఒక ఉదయము విశ్రాంత ఉపాధ్యాయిని యొకరు మా వైద్యశాలకు వచ్చి, చేతిసంచి నుండి ఒక పొట్లము తీసి నా బల్లపై నుంచిరి. అందులో నల్లని దళసరి పట్టీలున్నవి. తాటియాకు వలె బిరుసుగా, తోలు వలె ముదురుగా ఉన్నవి. పైన సన్నని తెల్లపొడి పూసినట్లున్నది. "మా అబ్బాయి టోక్యో నుంచి తెచ్చాడండీ. కొంబు అంటారట, సముద్రపు నాచట. అక్కడ అందరూ తింటారట. మేము వాడవచ్చునా డాక్టరుగారూ?" అని అడిగిరి.

చిన్న ముక్క త్రుంచి నాలుకపై నుంచుకొంటిని. మొదట ఉప్పదనము, వెనుకనే కొంచెము తీపి, ఆపైన చాలసేపు నిలిచి నోట నీరూరించు మరియొక రుచి. "సముద్రమున పుట్టిన ద్రవ్యము. కొద్దిగా వాడవచ్చునమ్మా" అని చెప్పి పంపితిని. ఆ మాటలో అబద్ధము లేదు. కాని ఆ మాట చాలలేదు. దాని ఫలితమును ముందు ముందు చెప్పెదను.

ఇట్టి పొట్లములు నేడు మన ఇండ్లకు తరచుగా చేరుచున్నవి. టోక్యోలోని నిషి కసాయ్ వంటి ప్రాంతములలో భారతీయ కుటుంబములు చాలా కాలముగా స్థిరపడి యున్నవి. వారిలో తెలుగువారును కలరు. సెలవులకు వచ్చునప్పుడు పిల్లలు తేయాకుతో పాటు కొంబును తెచ్చుచున్నారు. తెచ్చినది పారవేయుటకు మనసొప్పదు; వాడు విధము తెలియదు. అందుచేత ఈ ద్రవ్యమును గూర్చి వివరముగా వ్రాయవలెనని సంకల్పించితిని.

కొంబు అనగా ఏమి?

కొంబు గోధుమవన్నె సముద్రపు నాచులలో ఒకటి. శాస్త్రజ్ఞులు దీనిని సాకరైనా జపానికా అందురు. కొంత పాత పుస్తకములలో లామినేరియా జపానికా అను పేరు కనబడును. దీనికి నిజమైన వేరు లేదు. వేరు వంటి పట్టుతో సముద్రపు అడుగున రాళ్ళను అంటిపెట్టుకొని, పొడవైన పట్టీ వంటి ఆకును నీటిలో చాచి పెరుగును. రెండు మొదలు ఆరు మీటర్ల పొడవు సామాన్యము. చల్లని నీరు లేనిదే ఇది బ్రతుకదు. కావున మన బంగాళాఖాతపు తీరమున కొంబు పెరుగదు. జపానులో దీని పుట్టినిల్లు ఉత్తరమున నున్న హొక్కైడో ద్వీపము. ఆ దేశపు కొంబులో అత్యధిక భాగము అక్కడిదే.

మామిడిలో బంగినపల్లి వేరు, రసాలు వేరు అయినట్లే కొంబులోను రకములు కలవు. హకొదాతె ప్రాంతపు మా కొంబు తేటయైన, కొంచెము తీయని కట్టు నిచ్చును. రిషిరి ద్వీపపు కొంబు కట్టు మరింత తేటగా ఉండును. క్యోటో నగరపు వంటవారికి ఇది ప్రీతిపాత్రము. షిరెతోకో తీరపు రౌసు కొంబు చిక్కని రుచి కలది. హిదకా కొంబు త్వరగా మెత్తబడును గనుక ఉడికించి తినుటకు అనువైనది.

నాచు అనగానే మనవారు ముఖము చిట్లింతురు. కాని పాలతో గడ్డకట్టించు తీపి వంటకములలో మన గృహిణులు వాడు చైనా గ్రాస్ కూడ సముద్రపు నాచు నుండియే చేయబడును. అదియు మొదట జపానులోనే తయారైనది. అయితే అది ఎర్రని జాతి నాచు, కొంబు గోధుమవన్నె జాతి. రెండింటి గుణములు వేరని గుర్తుంచుకొనవలెను.

ఉత్తర సముద్రము నుండి వంటింటికి

కొంబు కోత వేసవిలో, జూలై మొదలు సెప్టెంబరు వరకు సాగును. తెల్లవారుజామున చిన్న పడవలలో పోయి, పొడవైన కర్రలకు కొంబును మెలివేసి పట్టి పైకి లాగుదురు. మొదటి యేటి ఆకు పలుచన. రెండవ యేటి ఆకు కోతకు తగినది. ఒడ్డుకు చేర్చిన వెంటనే గులకరాళ్ళు పరచిన నేలపై వరుసగా ఆరవేయుదురు. ఎండ మంచిగా ఉన్నచో ఆ దినమే ఎండును. వాన తగిలినచో సరకు చెడును. అందుచేత ఆ దినమున ఇంటిల్లిపాదియు చేయి వేయుదురు. వడియములు పెట్టిన నాడు మబ్బు కనబడగానే మన ఇండ్లలో అందరును మేడమీదికి పరుగెత్తుదురు కదా, అట్లే.

ఎండిన కొంబును కొందరు వర్తకులు కొట్లలో ఒకటి రెండేండ్లు, అంతకు మించియు నిలువ యుంచుదురు. త్సురుగా పట్టణము ఈ నిలువకు ప్రసిద్ధము. పాత బియ్యమునకు, పాత బెల్లమునకు, పాత నేతికి మన శాస్త్రము వేరు గుణములు చెప్పినది. పాత కొంబుకు నాచువాసన తగ్గి రుచి కుదురునని వారి అనుభవము.

ఎదో యుగమున, అనగా 1603 నుండి 1868 వరకు గల కాలములో, కితమాయెబునె అను వర్తకపు ఓడలు హొక్కైడో నుండి పడమటి తీరము వెంబడి ఒసాకా వరకు కొంబును చేరవేసెడివి. అక్కడినుండి దక్షిణమున సత్సుమాకు, ర్యూక్యూ ద్వీపములకు, అటనుండి చైనాకు పోయెడిది. నాటి ర్యూక్యూయే నేటి ఒకినావా. అక్కడి వెచ్చని సముద్రమున కొంబు పెరుగదు. అయినను సన్నగా తరిగిన కొంబును మాంసముతో కలిపి వేయించి తినుట అక్కడ పాత అలవాటు. ఇంగువ మన తెలుగు నేలపై పండునది కాదు. కాని ఇంగువ లేని పులిహోరను మనము ఊహింపగలమా? పరదేశపు ద్రవ్యము తరతరములు వాడగా వాడగా సాత్మ్యమగును. ఈ సాత్మ్యమను మాటను పాఠకులు మనసున నుంచుకొందురు గాక.

నాలుకకు తెలిసిన మరియొక రుచి

నేను నాలుకపై ఎరిగిన ఆ చివరి రుచి రహస్యమును 1908లో టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రాచార్యుడు కికునాయె ఇకెదా కనుగొనెను. పాశ్చాత్య శాస్త్రజ్ఞులు అప్పటికి తీపి, పులుపు, ఉప్పు, చేదు అను నాలుగు రుచులనే లెక్కించెడివారు. కొంబు కట్టులోని రుచి ఈ నాలుగింటిలోను ఇమడదని ఆయన గ్రహించి, దానికి మూలమైన గ్లుటామిక్ ఆమ్లమును కొంబు నుండి వేరుచేసెను. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టెను. మరుసటి సంవత్సరము, 1909లో, అదియే అజినొమోటో అను పేర తెల్లని పలుకులుగా అంగడికి వచ్చినది. మన వీధులలో నూడిల్సు బండ్లవారు చల్లు ఆ పలుకుల పుట్టుక కొంబులో నున్నదని చాలమందికి తెలియదు. అదే గ్లుటామిక్ ఆమ్లము పండిన టమాటాలోను, తల్లిపాలలోను సహజముగా కలదు. టమాటా చారు నాలుకకు హితవగుటకు ఇదియు ఒక కారణము.

1913లో షింతారో కొదామా అను శాస్త్రజ్ఞుడు ఎండుచేపలో ఇనోసినిక్ ఆమ్లమును, 1957లో అకిరా కునినాకా పుట్టగొడుగులకు రుచినిచ్చు గ్వానిలిక్ ఆమ్లమును గూర్చి తెలిపిరి. కొంబుతో వీనిలో ఒకటి చేరినచో రుచి రెండింతలు కాదు, అంతకు ఎన్నో రెట్లు పెరుగునని కునినాకా పరిశోధనలో తేలినది. సంయోగమున పుట్టు గుణము విడివిడి ద్రవ్యముల గుణమునకు మించునని చరకుడు చెప్పిన మాటకు ఇదియొక చక్కని నిదర్శనము.

ఉమామిని మన షడ్రసములలో ఏదో యొకదానికి బలవంతముగా అతికించుట శాస్త్రము కాదు. ఆరు రుచుల లెక్క జపానులోను ఉండెను. 13వ శతాబ్దపు జెన్ బౌద్ధాచార్యుడు దోగెన్ 1237లో మఠపు వంటవాని ధర్మములను గూర్చి తెంజో క్యోకున్ అను గ్రంథము వ్రాసెను. అందు చెప్పిన ఆరు రుచులు చేదు, పులుపు, తీపి, కారము, ఉప్పు, చప్పన. మన ఆరవది వగరు, వారి ఆరవది చప్పన. చప్పన అనగా రుచిలేమి కాదు. పదార్థపు సహజ రుచి మరుగుపడనంతటి తేలికదనము. నేటికిని జపాను వంటకు ఆదర్శమిదియే. ముల్లంగి ముల్లంగి వలెనే, బీను బీను వలెనే రుచింపవలెను. కొంబు కట్టు వెనుక నిలిచి దానిని నిలబెట్టవలెను.

కట్టు తీయు విధానము

జపానువారు ఈ కట్టును దాషి అందురు. మనము కందికట్టుతో చారు కాచినట్లు వారు దాషితో పులుసులు, కూరలు చేయుదురు.

శార్ఙ్గధరుడు కషాయ కల్పనలు ఐదని చెప్పెను: స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము. ద్రవ్యమును చల్లని నీట రాత్రియంతయు నానవేసి వడకట్టినది హిమము. వేడినీట నుంచి వడకట్టినది ఫాంటము. మరిగించి దించినది క్వాథము. జపాను గృహిణి శార్ఙ్గధరుని చదువలేదు; కాని కొంబు విషయమున ఆమె హిమమును, ఫాంటమును ఎరిగి క్వాథమును వర్జించినది.

లీటరు నీటికి వారి ఇండ్లలో సుమారు 10 గ్రాముల కొంబు వేయుదురు. కొంబును కడుగరాదు. పైనున్న తెల్లపొడి బూజు కాదు; మానిటాల్ అను సహజమైన తీపి పదార్థము అందు ముఖ్యమైనది. గట్టిగా పిండిన తడిగుడ్డతో పైపైన తుడిచిన చాలును. పిమ్మట రెండు మార్గములు. చల్లని నీటిలో వేసి రాత్రియంతయు ఫ్రిజ్‌లో నుంచి ఉదయము ముక్కను తీసివేయుట మొదటిది. అరగంట నానబెట్టి, సన్నని సెగపై పెట్టి, గిన్నె అడుగున చిన్న బుడగలు లేచునప్పుడు, నీరు మరుగక ముందే ముక్కను తీసివేయుట రెండవది. కొందరు వృత్తి వంటవారు 60 డిగ్రీల వేడిని గంటసేపు నిలిపి తీయుదురు. కొంబును మరిగించినచో జిగురు దిగి, నాచువాసన కొట్టి, కట్టు మొరటగును.

శాకాహారులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. జపానులో సామాన్యముగా కొంబు కట్టులో కత్సుఓబుషి అను ఎండుచేప పలుకులు కూడ వేసి వడకట్టుదురు. మీసో పులుసులో చేపముక్క కనబడనంత మాత్రమున అది శాకాహారము కాదు. అంగడిలో దొరకు దాషి పొడులలోను తరచుగా చేప యుండును. బౌద్ధ మఠముల శాకాహారపు వంటను షోజిన్ ర్యోరి అందురు. అందు చేపకు బదులు కొంబుతో పాటు ఎండిన షిటాకె పుట్టగొడుగులను నానవేయుదురు. జపానులో నున్న మన పిల్లలు భోజనశాలలలో ఈ పేరు చెప్పి అడుగుట మేలు.

కట్టు తీసిన కొంబు ముక్కను వారు పారవేయరు. సన్నగా తరిగి సోయా రసము, చక్కెర వేసి దగ్గరపడువరకు ఉడికించి, మనము అన్నములో పచ్చడి నంజుకొన్నట్లు కొద్దికొద్దిగా నంజుకొందురు. సుషికి వండు అన్నములో చిన్న ముక్క వేయుదురు. నూతన సంవత్సరమునాడు చుట్టలుగా చుట్టి ఉడికించిన కొంబు తప్పక ఉండును. యొరొకొబు అనగా వారి భాషలో సంతోషించుట, ఆ మాటలో కొంబు ధ్వని వినబడునని ఆ శుభశకునము.

పైన చెప్పినదంతయు చూడుడు. ఇందెక్కడను కొంబును చెంచాలతో మ్రింగుట లేదు. అది వంటకు ఆధారము, పండుగకు అలంకారము, అన్నమునకు నంజుడు.

అయోడిన్ లెక్క

కొంబులో సున్నపు ధాతువు, పొటాషియం మొదలగునవి చాలా కలవు. కాని వైద్యుడు మొదట చూడవలసినది అయోడిన్. ఎండిన మా కొంబు ఒక్క గ్రాములో సుమారు 2 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండును. పెద్దవారికి దినమునకు కావలసినది 150 మైక్రోగ్రాములు. అనగా ఒక గ్రాము కొంబులో ఇంచుమించు పదమూడు దినములకు సరిపడు అయోడిన్ కలదు. జపాను ప్రభుత్వపు ఆహార ప్రమాణములలో పెద్దవారికి దినపు గరిష్ఠ పరిమితి 3 మిల్లీగ్రాములు. అమెరికాలో అది 1.1 మిల్లీగ్రాములే.

ముక్కను తీసివేసితిమి కదా, అయోడిన్ కూడ పోయినదని తలపరాదు. అది నీటిలోనికే దిగును. జపానువారి సగటు అయోడిన్ దినమునకు 1 నుండి 3 మిల్లీగ్రాముల వరకు ఉండునని అంచనా. అక్కడ ఉప్పునకు అయోడిన్ చేర్చు ఆచారము లేదు. బాల్యము నుండి అలవడిన దేహములు గనుక అధికులు తట్టుకొనుచున్నారు. కాని అందరును తట్టుకొనరు. హొక్కైడో తీరమున కొంబు మిక్కిలిగా తిను పల్లెలలో గొంతువాపు, అనగా గలగండము, విరివిగా ఉన్నదని 1960ల నాటి పరిశోధకులు వెల్లడించిరి. అయోడిన్ కొరవడి వచ్చు గలగండమును లోకమంతయు ఎరుగును. అయోడిన్ అధికమై వచ్చు గలగండమును కొంబు పుట్టినింటనే చూచిరి.

"సముద్రపు నాచు థైరాయిడ్‌కు మంచిది" అను మాట పూర్తిగా కల్ల కాదు. చైనా వైద్యులు ప్రాచీన కాలమునుండి గలగండమునకు సముద్రపు నాచులను వాడిరి. 1811లో ఫ్రాన్సు దేశపు కుర్త్వా నాచు బూడిద నుండి అయోడిన్‌ను కనుగొనగా, 1820లో జెనీవా వైద్యుడు క్వాందె దానిని గలగండ చికిత్సకు వాడెను. మన దేశమున 1956లో కాంగ్రా లోయలో మొదలైన పరిశోధన అయోడిన్ కలిపిన ఉప్పుతో గలగండము తగ్గునని చూపినది. 2006 నుండి నేరుగా భోజనమునకు అయోడిన్ లేని ఉప్పు అమ్ముట మన దేశమున నిషిద్ధము. నేడు మన ఇంటి ఉప్పులోనే కావలసిన అయోడిన్ లభించుచున్నది.

ఇప్పుడు మన గృహిణులలో కనబడు థైరాయిడ్ మాంద్యము చాలవరకు అయోడిన్ కొరత వలన వచ్చినది కాదు. దేహము తన గ్రంథిని తానే బాధించుకొనుట వలన వచ్చినది. దీనిని 1912లో మొదట వర్ణించినవాడు కూడ జపాను వైద్యుడే, హకారు హషిమోతో. అట్టి గ్రంథికి అయోడిన్ అధికముగా ఇచ్చినచో మేలు జరుగకపోగా మాంద్యము హెచ్చును. ఎందుకనగా అయోడిన్ ఒక్కసారిగా వెల్లువ వలె వచ్చినప్పుడు థైరాయిడ్ గ్రంథి తన పనిని తాత్కాలికముగా ఆపుకొనును. ఈ సంగతి 1948లో వుల్ఫ్, చైకాఫ్ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఆరోగ్యముగల గ్రంథి కొలది దినములలో తేరుకొనును. రోగగ్రస్తమైన గ్రంథి తేరుకొనలేదు.

2009లో ఆస్ట్రేలియాలో కొంబు చేర్చిన ఒక సోయా పాలను త్రాగినవారికి థైరాయిడ్ బాధలు కలుగగా, ఆ పాలను అంగళ్ళనుండి వెనుకకు తీసికొనిరి. ఆరోగ్యమునకు మంచిదని కొన్న పాలే వారికి బాధ తెచ్చినవి.

నా మాట చాలని చోటు

ఇక ఆ ఉపాధ్యాయిని సంగతి. నాలుగు మాసముల తరువాత ఆమె మరల వచ్చిరి. ముఖము ఉబ్బి, స్వరము బొంగురుపోయి, నడక మందగించి యుండెను. వైశాఖ మాసపు ఎండలో శాలువ కప్పుకొని కూర్చుండిరి. మలబద్ధము, మతిమరపు, ఒడలి బరువు. నాడి మందముగా నడచుచుండెను. "ఏమి వాడుచున్నారమ్మా?" అని అడిగితిని. "మీరు చెప్పిన కొంబేనండీ. పొడి కొట్టి రోజూ ఒక చెంచా మజ్జిగలో వేసుకుంటున్నాను. థైరాయిడ్‌కు మంచిదట కదా, అందుకని ఆ మాత్ర సగానికి తగ్గించాను" అనిరి.

ఆమెకు ఎనిమిదేండ్లుగా థైరాయిడ్ మాంద్యము ఉన్నది. పట్టణములో ఒక వైద్యుని వద్ద మాత్ర వాడుచున్నారు. ఆ సంగతి నాకు చెప్పలేదు. నేను అడుగలేదు. చెప్పకపోవుట ఆమె దోషము కాదు. అడుగకపోవుట నా దోషము. చెంచా పొడి ఇంచుమించు 3 గ్రాములు. అనగా దినమునకు 6 మిల్లీగ్రాముల అయోడిన్, దేహమునకు కావలసిన దానికి నలుబది రెట్లు. దానికి తోడు మాత్ర సగమైనది.

వెంటనే కొంబు మాన్పించి, ఆమెను ఆ వైద్యుని వద్దకే పంపితిని. జరిగినదంతయు ఒక కాగితముపై వ్రాసి యిచ్చితిని. రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. చాలా హెచ్చుగా కనబడినది. మాత్ర పూర్తి మోతాదుకు వచ్చినది. రెండు మాసములకు వాపు తగ్గి, స్వరము కుదుటపడినది. ఇప్పుడు కులాసాగా ఉన్నారు. మా ఇంటికి వచ్చినప్పుడెల్ల "మీ తప్పేమీ లేదండీ" అని అందురు. ఆ మాట వినినప్పుడెల్ల నాకు గురువుగారి వీథి అరుగు గుర్తుకు వచ్చును.

గురుకులమున మేము చరక సంహిత విమాన స్థానములోని మొదటి అధ్యాయమును తెల్లవారుజామున వల్లెవేసెడివారము. ఆహారము హితమో అహితమో తేల్చుటకు ఎనిమిది విషయములు చూడవలెనని అందు కలదు. అదే అధ్యాయమున పిప్పలి, క్షారము, లవణము ఈ మూడింటిని అతిగా వాడరాదనియు కలదు. నోటికి వచ్చిన శాస్త్రము సమయమునకు చేతికి రాకపోయినది. ఆ ఎనిమిదింటిని కొంబుకు అన్వయించి, నాడు చేయవలసిన పనిని ఈనాడు చేయుచున్నాను.

ఎనిమిది ప్రశ్నలు

ప్రకృతి: ద్రవ్యపు సహజ గుణము. కొంబు లవణ ప్రధానము, అయోడిన్ గని. మన నిఘంటువులలో దీనికి రస వీర్య విపాకములు నిర్ణయింపబడలేదు. కావున దీనిని ఆయుర్వేద ఔషధమని ఎవరైన అమ్మినచో నమ్మరాదు.

కరణము: సంస్కారము. నీటిలో నానవేసి తీసిన కట్టు వేరు, ఆకునంతయు పొడి చేసి మ్రింగుట వేరు.

సంయోగము: దేనితో కలుపుచున్నాము? అయోడిన్ ఉప్పు నిత్యము తిను ఇంట కొంబు చేరినచో రెండును కూడును.

రాశి: పరిమాణము. ఇచ్చట గ్రాముల లెక్కయే ప్రాణము.

దేశము: హొక్కైడో తీరవాసికి సాత్మ్యమైనది గోదావరి తీరవాసికి సాత్మ్యము కానక్కరలేదు.

కాలము: ఋతువును మాత్రమే కాదు, రోగావస్థను కూడ కాలమని శాస్త్రము చెప్పినది. గర్భము ధరించిన కాలము, పాలిచ్చు కాలము, వ్యాధి కాలము వేరువేరు.

ఉపయోగ సంస్థ: తిను నియమము. పండుగకు ఒకనాడు తినునది, దినమును విడువక తినునది ఒకటి కావు.

ఉపయోక్త: తినువాడెవరు? నేను అడుగక విడిచిన ప్రశ్న ఇదియే. ఎనిమిదింటిలో కడపటిది, కాని వైద్యుడు మొదట అడుగవలసినది.

గృహస్థులకు సూచనలు

ఏ థైరాయిడ్ వ్యాధియు లేని ఆరోగ్యవంతులు రుచి కొరకు కొంబు కట్టును నెలకు ఒకటి రెండు మార్లు వాడుకొనవచ్చును. జపానువారి కొలత మనకు వలదు. లీటరు నీటికి 3 గ్రాములు చాలును. చిన్న తక్కెడలో తూచి వేయవలెను. ఆ కట్టులో లేత ముల్లంగి ముక్కలు, సోయా పనీరు వేసి మెత్తబడువరకు ఉడికించి, చిటికెడు ఉప్పు, అల్లపు రసము చేర్చి మనిషికొక చిన్న గిన్నెడు త్రాగవచ్చును. అప్పుడు ఒక గిన్నెలోని అయోడిన్ ఒక మిల్లీగ్రామునకు లోబడి యుండును. మిగిలిన కొంబును తడి తగులని డబ్బాలో మూత బిగించి యుంచినచో చాలకాలము నిలువ యుండును, తొందరపడి ముగించనక్కరలేదు.

థైరాయిడ్ మాంద్యము, థైరాయిడ్ ఉద్రేకము, గొంతులో గడ్డలు కలవారు కొంబును తమ వైద్యుని అనుమతి లేనిదే తాకరాదు. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు వాడరాదు. పొటాషియం హెచ్చు గనుక మూత్రపిండ వ్యాధి కలవారు మానవలెను. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ పరీక్ష గాని చికిత్స గాని చేయించుకొనబోవువారు కొంబు తిన్న సంగతిని ముందుగా చెప్పవలెను. కొంబు పొడి, కొంబు మాత్రలు ఎవరికిని మంచివి కావు.

కొంబు వాడుచుండగా ఒడలు బరువెక్కుట, ముఖము ఉబ్బుట, చలి ఓర్వలేకపోవుట, లేక దానికి విరుద్ధముగా గుండెదడ, చేతుల వణకు, కారణము లేక చిక్కిపోవుట కనబడినచో, కొంబును మాని రక్తపరీక్ష చేయించుకొనవలెను. వాడుచున్న థైరాయిడ్ మాత్రను మీ అంతట మీరు తగ్గించుట గాని మానుట గాని ఎన్నడును చేయరాదు. ఆయుర్వేద వైద్యుడు చెప్పినను సరే, మాత్ర వ్రాసిన వైద్యుని అడిగియే మార్చవలెను.

జపాను వంటింటి నుండి మనము నేర్చుకొనదగినది కొంబు కన్న పెద్దది ఒకటి కలదు. ఉప్పు, కారము, నూనె గుప్పించక పదార్థపు సహజ రుచికి చోటిచ్చు ఆ చప్పదనము. దానికి కొంబే కావలెనని లేదు. పలుచని పెసరకట్టులో సొరకాయ వేసి, ఉప్పు సగము తగ్గించి ఒకపూట త్రాగి చూడుడు.

ఆ పొట్లములో మిగిలిన రెండు పట్టీలు నేటికిని నా బల్ల సొరుగులో ఉన్నవి. క్రొత్త ద్రవ్యమును గూర్చి ఎవరైన అడిగినప్పుడు సొరుగు తెరచి వానిని ఒకమారు చూచి, "మీకు ఏ జబ్బు ఉన్నదమ్మా? ఏ మందు వాడుచున్నారు?" అని ముందుగా అడుగుచున్నాను.